మూఁడు తరముల కావల: ఒక నేఁతపూర్వుని జాడ
(వార్షిక మహాసభయందుఁ జదువఁబడిన యుపన్యాసము)



 మన పూర్వులను గుఱించి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము పండితులము గాము, చరిత్రకారులమును గాము. మా యింటి పెద్ద యొకని జాడ వెదకుటలో కొన్ని యేండ్లు గడపినవారము మాత్రమే. ఆ వెదకులాటలో మాకు దొరకినదానిని, అందులో మేము చేసిన యొక తప్పును, మీ యెదుట నుంచుటయే ఈ యుపన్యాసముయొక్క యుద్దేశము.

మన సంచికలలో వంశచరిత్రము వ్రాయునప్పుడు ఒక పద్ధతి చిరకాలముగా నున్నది. మొదట మూలఋషిని స్మరింతుము. పిదప చౌడేశ్వరీదేవి యనుగ్రహమును వర్ణింతుము. అటుపిమ్మట వీరులైన పూర్వుల పరాక్రమమును బొగడి, అక్కడనుండి ఒక్క దుముకున నేఁటి దాతలయొద్దకు వత్తుము. ఈ పద్ధతిని మేము నిందింపము. తమ కులమునందు గౌరవము లేనివారికి ఇతరులు గౌరవమీయరు. కాని ఋషికిని మనకును నడుమ నొక మనుష్యుఁడున్నాఁడు. పందొమ్మిదవ శతాబ్దమున గుంటమగ్గములో కాళ్లుంచుకొని, తెల్లవాఱినది మొదలు దీపము పెట్టువఱకు నేసినవాఁడు ఆయన. ఆయన నేసినందువలననే మనము బ్రదికి యిచ్చట కూర్చుండఁగలిగితిమి. ఆయన పేరుమాత్రము మన సంచికలలో లేదు.

ఇందులకు కారణము వెదకఁబోయినచో మన యాచారముననే కొంత కానవచ్చును. పితృతర్పణములయందు తండ్రిని, తాతను, ముత్తాతను చెప్పుకొందుము. నాలవతరము పేరు చెప్పవలసిన పని లేదు; చెప్పని పేరు నోటినుండి జాఱిపోవును. మఱియొక చిక్కు కలదు. మనుమనికి తాత పేరు పెట్టుట మనలో మర్యాద. అందుచే ఒకే పేరు తరము విడిచి తరమున వచ్చుచుండును. నూఱేండ్లు గడచునప్పటికి ఇద్దఱు మనుష్యులు ఒక్కరుగా కలిసిపోవుదురు. ఒకరి కష్టము మఱియొకరి యైశ్వర్యము క్రింద మఱుగుపడిపోవును. మా యింట జరిగినది సరిగా నిదియే.

మన ప్రాంతమున వ్రాఁత లేకపోలేదు. తెలుఁగుభాషలో లభించిన శాసనములలో మొట్టమొదటిదని పండితులు చెప్పెడు కలమళ్ల శాసనము సుమారు 575వ సంవత్సరమునాటిది. ఆ గ్రామము ఎఱ్ఱగుంట్ల దాపున, మన పొరుగుననే యున్నది. పదునాలుగు శతాబ్దములుగా వ్రాఁత నెఱిఁగిన నేల యిది. అయితే వ్రాఁత భూమి గలవాని వెంటను, దానమిచ్చినవాని వెంటను, పన్ను కట్టవలసినవాని వెంటను నడచినది. మన నేఁతగాఁడు మొదటి రెండు వర్గములలో చాలవఱకు లేఁడు. మూఁడవదానిలో నున్నాఁడు, కాని అందు మనుష్యుఁడుగాఁ గాక మగ్గముగా నున్నాఁడు.

1800లో నిజామువారు ఈ సీమను కుంఫిణీవారికి దత్తము చేసిరి. 1800 మొదలు 1807 వఱకు మన్రోదొర దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండెను. భూమికి శిస్తు గట్టినట్లే చేతిపనులవారికి మొహతర్ఫా యను పన్ను కట్టఁబడుచుండెను. నేఁతగానికి అది మగ్గపుపన్ను. మగ్గము లెక్కలో నుండును. దాని యెదుట కూర్చున్నవాని యాకలి లెక్కలో నుండదు. ఈ పన్నువలని బాధను గుఱించి గాజుల లక్ష్మీనరసు శ్రేష్ఠిగారు స్థాపించిన మదరాసు నేటివ్ అసోసియేషనువారు 1852లో ఇంగ్లండు పార్లమెంటునకు పంపిన మహజరులో మొఱపెట్టుకొనిరి. ఆ శతాబ్దము నడుమనే ఆ పన్ను తొలఁగింపఁబడినది. పన్ను పోయిన పిమ్మట మగ్గములను లెక్కించు నవసరమును పోయినది. మన పూర్వుఁడు లెక్కలనుండికూడ తప్పుకొన్నాఁడు.

ఇఁక మా యింటి కథకు వత్తుము. మేము వెదకిన పెద్ద మా ముత్తాతగారి తండ్రి. ఆయన పేరును ఇచ్చట చెప్పము. చెప్పినచో అది మా యొక్కయింటి ముచ్చట యగును. చెప్పకున్నచో మీలో ననేకులు తమ యింటి పెద్దను అందులో చూచుకొందురు. "మా పెద్ద" యని మాత్రము పిలుతము.

మా చిన్ననాఁడు ఇంట వినుచుండిన కథ యిది. మా పెద్ద జమ్మలమడుగు తాలూకానుండి రెండెడ్లబండిపై బట్టల మూటలతో ప్రొద్దుటూరునకు వచ్చి, వస్త్రవర్తకము పెట్టి, పదిమందికి అన్నము పెట్టిన ప్రభువు. ఈ మాటనే చాలయేండ్ల క్రిందట ఒక సంచికకు మేము వ్రాసియిచ్చితిమి, అది అచ్చయినది. వినినవారు సంతోషించిరి. మేమును సంతోషించితిమి.

ఆ సంచికను చదివి వినిపింపఁగా నవ్వినవారు ఒక్కరే. ఆమె మా మేనత్త. పులివెందుల వైపు మెట్టినిల్లు. అప్పటికే తొంబదియేండ్లకు దగ్గఱపడినది. చూపు తగ్గినను మాట తగ్గలేదు. "బండి యాడిదిరా నాయనా! అచ్చు భుజాన యేస్కోని నడిచొచ్చినాడంట. ధాత కరువులో. వాళ్లమ్మ దావలోనే పోయిందంట" అని యామె పలికెను. మీకెట్లు తెలియునని యడుగఁగా, తన నాయనమ్మ చెప్పినదనెను. ఆ నాయనమ్మ మా పెద్దకు కోడలు. ఆమెకు చెప్పినది మా పెద్ద భార్య. అత్త కోడలికి, ఆ కోడలు మనుమరాలికి చెప్పుకొనుచు వచ్చిన మాట యిది. ఇంట పుట్టిన మగవారము బండిని కల్పించుకొంటిమి. ఇంటికి వచ్చిన కోడండ్రు అచ్చును జ్ఞాపకముంచుకొనిరి. ఈ సంగతిని మీరు గమనింపవలెను. మన వంశవృక్షములలో ఆఁడువారి పేర్లు వ్రాయుట మఱచితిమి. వంశముయొక్క జ్ఞాపకమంతయు వారియొద్దనే యుండెను.

మేనత్త మాటలో చరిత్రకు పనికివచ్చునది "ధాత కరువు" అను రెండు మాటలు. మన పెద్దలు ఇంగ్లీషు సంవత్సరములు చెప్పరు. నందన కరవనియు, ధాత కరవనియు చెప్పుదురు. నందన 1832వ సంవత్సరము, ధాత 1876వ సంవత్సరము. అయితే ఈ పేర్లు అఱువదియేండ్ల కొకమాఱు తిరిగివచ్చును. ధాత 1816లోను, 1876లోను, 1936లోను వచ్చినది. కాఁబట్టి పేరు వినినంతనే సంవత్సరము నిర్ణయింపరాదు, తరములు లెక్కింపవలెను. మా తండ్రిగారి వయస్సునుండి వెనుకకు లెక్కించి చూడఁగా మా పెద్ద యౌవనకాలము 1876నకే సరిపోయినది. గ్రామలెక్కలలో అది ఫసలీ 1286. ఫసలీకి 590 కలిపిన ఇంగ్లీషు సంవత్సరము వచ్చునని జ్ఞాపకముంచుకొన్నచో పాతకాగితములు చదువువారికి మేలగును.

ఆ 1876లో నైరృతివానయు, ఈశాన్యవానయు రెండును తప్పినవి. 1878 వఱకు చెన్నపురి రాజధానిలో పెక్కుభాగమును ఆ కరవు పీడించినది. కడప, బళ్లారి, కర్నూలు జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవి. 1871 జనాభాలెక్కలో కడపజిల్లా జనసంఖ్య పదమూఁడున్నర లక్షలు. 1881లో అది పదునొకండు లక్షల యిరువదివేలు. పదియేండ్లలో పెరుగవలసిన జనము నూటికి పదునేడుగురు తగ్గిరి. చచ్చినవారెందఱో, వలసపోయినవారెందఱో, పుట్టవలసి పుట్టనివారెందఱో ఆ యొక్క అంకెలోనే యణఁగియున్నారు. దారిలో పోయిన మా పెద్ద తల్లియు ఆ యంకెలోనే యున్నది. ఆమెకు వేఱొక గుర్తు లేదు.

కరవులో నేఁతగాఁడు రైతుకంటె ముందు చెడును. ఈ సంగతి మనవారికి అనుభవమే గాని వ్రాసినవారు తక్కువ. వాన తప్పిన మొదటినెలలో రైతు గాదెలో కొంత గింజ యుండును. కాని ఆతఁడు ఆనాఁడే గుడ్డ కొనుట మానును. చినిఁగినదానిని కుట్టుకొని కట్టుకొనును. గింజ ధర పెరుగుచుండును, గుడ్డకు గిరాకి యుండదు. నేఁతగానికి పొలము లేదు, గాదె లేదు. సావుకారు నూలీయఁడు, ఇచ్చిన బయానా తిరిగి యడుగును. అంతట మగ్గము అమ్ముకొనుట, అదియును తీఱినప్పుడు ఊరు విడుచుట.

సర్కారువారు కరవుపనులు పెట్టిరి. చెఱువుకట్టలకు, బాటలకు మన్ను మోయవలెను, కంకర కొట్టవలెను. 1877 మొదట సర్ రిచర్డు టెంపులుదొర కూలిని తగ్గించి, మగవానికి రోజునకు ఒక పౌను ధాన్యమును, కొలఁది డబ్బును చాలుననెను. పౌను అనఁగా మన తూనికలో సుమారు ముప్పదితొమ్మిది తులములు. దినమంతయు మన్ను మోయువానికి అది చాలదని వైద్యాధికారియైన కార్నిషుదొర వాదింపఁగా కొన్ని నెలలకు కూలిని మరల పెంచిరి. నేఁతగానికి అందు మఱియొక బాధ కలదు. కంకర కొట్టిన చేతులు మొరడువాఱును. మొరడువాఱిన వ్రేలికి పోగు తగులఁగానే తెగును. కరవు తీఱిన పిదప ఆ చేతులతో మరల నేయుట యెట్లు? ఈ కష్టము నధికారులును క్రమముగా గుర్తించిరి. తరువాత నేర్పడిన కరవు నిబంధనలలో నేఁతగాండ్రకు వారి వృత్తియందే సాయము చేయు పద్ధతి చేరినది. కాని మా పెద్ద నడచివచ్చిననాఁటికి ఆ నిబంధనలు పుట్టలేదు.

ఆయన మగ్గమునంతటిని తేలేదు, అచ్చును మాత్రము తెచ్చెను. ఇది మాకు మొదట వింతగా తోఁచినది. నేయుట తెలిసిన పెద్దల నడుగఁగా వారు వివరించిరి. గుంట ఎక్కడనైన త్రవ్వుకొనవచ్చును. కొయ్యలు ఎవరినైన నడిగి తెచ్చుకొనవచ్చును. అచ్చు అట్లు దొరకదు. పడుగుపోగులన్నియు దాని పండ్లసందున నడువవలెను, గుడ్డ నాణెమంతయు దానియందే యుండును. అచ్చు భుజముపై నున్నవాఁడు భిక్షమునకు వచ్చినవాఁడు గాఁడు, పనికి వచ్చినవాఁడు. మేనత్త చెప్పిన ఆ యొక్క మాట, మేము అచ్చువేయించిన బండికంటెను, మూటలకంటెను మా పెద్దకు ఎక్కువ గౌరవము నిచ్చినదని మాకు నిదానముగా తెలిసినది.

నోటిమాట ఎంత నమ్మదగినదైనను దానికి సాక్ష్యము వెదకుట మంచిది. మేము వెదకిన చోట్లను చెప్పెదము; మీకును ఉపయోగపడవచ్చును. మొదట కైఫీయతులు. మెకంజీదొర సేకరింపించిన ఈ గ్రామచరిత్రములను కడపలోని సి.పి. బ్రౌను భాషాపరిశోధనకేంద్రమువారు సంపుటములుగా ప్రకటించిరి. 1820లో కడపకు వచ్చిన బ్రౌనుదొర నివసించిన స్థలముననే ఆ గ్రంథాలయము వెలసినది. కైఫీయతులలో ఊరి పుట్టుక, గుడులు, మాన్యములు తెలియును. నేఁతగాని పేరు దొరకుట యరుదు. పిమ్మట ఇనాము రిజిస్టరులు, డైగ్లాటు. భూమి గలవారికి ఇవి బంగారుగనులు. మా పెద్దకు సెంటు భూమియు లేదు. అందు మాకేమియు దొరకలేదు. గ్రామ కరణములయొద్ద నుండిన జనన మరణ పుస్తకములు, ఇతర లెక్కలు, 1984లో కరణీకములు రద్దయిన పిమ్మట అనేకగ్రామములలో చెదరిపోయినవి.

చివరకు దొరకినది రిజిస్ట్రేషను కాగితము. దస్తావేజుల రిజిస్ట్రేషను 1865 మొదలు మన రాజధానిలో అమలులోనికి వచ్చినది. భూమి లేనివాని పేరును అందు దొరకవచ్చును. ఏలయన, భూమి లేనివానికి అప్పు ఉండును. కరవు తీఱిన కొన్ని యేండ్లకు మా పెద్ద వ్రాసియిచ్చిన యొక తాకట్టుపత్రపు నకలు మా చేతికి వచ్చినది. ఇంటిస్థలమును, అందున్న కొట్టమును కుదువపెట్టి, నూలునిమిత్తము నలువది రూపాయలు పుచ్చుకొన్నట్లు అందున్నది. వృత్తియన్నచోట "నేఁత జీవనము" అని స్పష్టముగా నున్నది. వర్తకమను మాట యెచ్చటను లేదు. చెక్కుబందీలో తూర్పునను, పడమటను, ఉత్తరమునను ఉన్న ఇండ్లన్నియు మనవారివే. దక్షిణమున పడుగులు సాఁచెడు వీధి. అందుచే ఆయన యే వీధిలో, ఎవరి నడుమ కాపురముండెనో తెలిసినది. పాతదస్తావేజు చూచునప్పుడు చాలమంది పేరును, రూపాయలను చూచి విడుతురు. చెక్కుబందీని విడువకుఁడు. ఇరుగుపొరుగు చెప్పెడు సాక్ష్యము బంధువులు చెప్పెడు సాక్ష్యమువంటిదే.

పత్రము క్రింద సంతకమునకు మాఱుగా నిశాని యున్నది. నకలు తీసిన గుమాస్తా ఆ గుర్తునుకూడ తీసియున్నాఁడు. ఇరువైపుల మొనతేఱి, నడుమ లావుగానుండు చిన్న గీఁత. మేము దానిని కలపుగీఁత యనుకొంటిమి. మగ్గమునెఱిఁగిన మిత్రుఁడొకఁడు చూచి, ఇది నాడె యని చెప్పెను. అక్షరము రానివాఁడు తన పనిముట్టును గీచి తాను ఫలానా యని చెప్పుకొన్నాఁడు. సోదరులారా, ఆయన తన వృత్తిని దాఁచలేదు. దాఁచినవారము మేము.

ఎందులకు దాఁచితిమని మమ్ము మేము ప్రశ్నించుకొంటిమి. 1891వ సంవత్సరపు మదరాసు జనాభా నివేదికలో మనవారిని గుఱించి, వీరు కడపజిల్లాలో నెక్కువగా నుండు తెలుఁగు నేఁతవారనియు, బీదలు కట్టెడు మిక్కిలి ముతకగుడ్డలు నేయుదురనియు వ్రాసిరి. 1909లో అచ్చయిన థర్‌స్టనుదొర గ్రంథముకూడ ఆ మాటనే చెప్పినది. యౌవనమున దీనిని చదివినప్పుడు మాకు తల వంగినది. పట్టు నేసిన ఊళ్లవారికి కీర్తి యున్నది. జరీ నేసినవారికి రాజసభలున్నవి. మనకు ముతకగుడ్డయా యని. ఆ సిగ్గువలననే మా తాతతరమువారు చిన్నకొట్టు పెట్టుకొన్న పిమ్మట, ఆ కొట్టును వెనుకకు జరిపి పెద్దకాలమునకు చేర్చిరి. మేము దానిని అచ్చువేయించితిమి.

ఇప్పుడు ఆ వాక్యమునే వేఱువిధముగా చదువుచున్నాము. రేగడిలో ప్రత్తి ఏరిన కూలియాఁడుది, గొఱ్ఱెలు మేపినవాఁడు, బండలు కొట్టినవాఁడు, కాలువ త్రవ్వినవాఁడు ఏమి కట్టిరి? వీరందఱి మానము కాపాడినది ఆ ముతకగుడ్డయే. ఇంగ్లండు మిల్లుల సన్నగుడ్డ మన సన్ననేఁతగాండ్రను ముందుగా దెబ్బతీసినది. ఎండకు, చెమటకు, బండపై బాఁదుడుకు నిలువవలసిన గుడ్డయందు దానికి అంతటి గెలుపు దొరకలేదు. మనవారు మిల్లునూలు కొనియైనను మగ్గమును నిలుపుకొనఁగలిగిరి. ముతకనేఁతయే మనలను బ్రదికించినది.

మఱియు ఆ పని ఒక్కనిది గాదు. దస్తావేజులో ఒక్క పేరే యుండును. మగ్గమునకు ఇల్లంతయు పనిచేయవలెను. పిల్లలు కండెలు చుట్టుదురు. ఆఁడువారు ఆసుపోయుదురు, గంజి కాఁచుదురు. తెల్లవాఱకముందే వీధిలో పడుగు సాఁచి, ఎండ ముదురకముందే గంజి పట్టించి కుంచెతో దువ్వవలెను. వాన వచ్చినచో ఆనాఁటి పనియంతయు పోవును. మా పెద్ద భార్య పులివెందుల తాలూకానుండి పెన్న దాటి వచ్చినది. కాపురమునకు వచ్చిననాఁటినుండి కన్నుమూయునంతవఱకు ఆమె ఆసుపోయుచునే యుండెనని మేనత్త చెప్పెను. ఆమెకు కూలి వేఱుగా లేదు, ఏ కాగితముననును పేరు లేదు. నలువది రూపాయల యప్పు తీర్చినవారు ఇద్దఱు. నిశాని పెట్టినవాఁడు ఒక్కఁడు.

మా పెద్దకు ఒక తమ్ముఁడుండెను. "ఆ కరువులోనే చెన్నపట్నం పోయి పడవెక్కినాడంట" యని మేనత్త చెప్పినది. ఇంట ఆయనను చచ్చినవారిలో చేర్చి నీళ్లు విడిచిరి. సముద్రము దాటినవారి జాడ వెదకుటకు నేఁడు మార్గములున్నవి కాఁబట్టి దీనినిగూడ కొంచెము చెప్పవలెను. 1860 అక్టోబరు 12వ తేదీన చెన్నపురినుండి బయలుదేఱిన ట్రూరో యను ఓడ ఆ నవంబరు 16న 342 మంది మనవారితో దక్షిణాఫ్రికాలోని నేటాలు చేరినది. 1866లో ఆ వలస నిలిచి, 1874లో మరల మొదలై, 1911 వఱకు సాగినది. మొత్తము లక్షా యేఁబదిరెండువేలమంది పోయిరి. మారిషసుదీవికి అంతకు ముందునుండియే పోవుచుండిరి. నేటాలు ఓడజాబితాలలో ఒక్కొక్కరికి నంబరు, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీఁది గుర్తులు వ్రాయఁబడినవి. కడపజిల్లా పేరును అందు కానవచ్చును. మారిషసులో మహాత్మాగాంధీ సంస్థవారు ఆ దేశపు రికార్డులను భద్రపఱచిరి. కొందఱి ఛాయాపటములుకూడ అందున్నవి.

ఇందొక విచిత్రము చూడుఁడు. ఊరనుండి పన్ను కట్టినంతకాలము మన పూర్వుని ముఖము నెవరును వర్ణింపలేదు. కూలిగా ఓడ యెక్కిననాఁడు తండ్రిపేరు మొదలు మేని మచ్చ వఱకు వ్రాసికొనిరి. అది ప్రేమచే గాదు, పాఱిపోయినచో పట్టుకొనుటకు. అయినను ఆ వ్రాఁతయే నేఁడు వారి మునిమనుమలకు దిక్కయినది. దక్షిణాఫ్రికాలో 1931లోనే ఆంధ్రమహాసభను స్థాపించుకొన్న తెలుఁగువారి సంతతివారు తమ ఊరేది, తమవారెవరని వెదకుచు వచ్చుచున్నారు. వారి చేత కాగితమున్నది, చెప్పువారు లేరు. మన యింట చెప్పువారున్నారు, కాగితము లేదు. ఈ రెండును కలియవలెను.

మేమును ఆ జాబితాలు చూచితిమి. మా పెద్ద తమ్ముని పేరుగలవారు పలువురు కనఁబడిరి. ఒకరికి జిల్లా సరిపోయినది, తండ్రిపేరు సరిపోలేదు. ఇంకొకరికి తండ్రిపేరు సరిపోయినది. వయస్సు పదునైదేండ్లు తేడా. ఆ దొరల చెవికి వినవచ్చినట్లు వ్రాసిన గ్రామనామములను ఎట్లు కావలెనన్న అట్లు చదువుకొనవచ్చును. మాకు ఆశ పుట్టినమాట నిజము. కాని ఒకమాఱు బండిని కల్పించి సిగ్గుపడినవారము; మరల ఓడనెక్కింపలేదు. తండ్రిపేరు, గ్రామము, వయస్సు ఈ మూఁడును కలసిననాఁడే మనవాఁడని చెప్పవలెను. ఒక్క పేరు కలసినంతనే బంధుత్వము కలసినట్లు గాదు.

ఇఁక మనము చేయవలసినదానిని గుఱించి సభవారికి కొన్ని మనవులు చేసి ముగించెదము.

మొదటిది. ఈ సభనుండి ఇంటికి పోయిన తరువాత ప్రతికుటుంబమువారును ఇంటనున్న పెద్దముసలమ్మయొద్ద కూర్చుండవలెను. నాలుగు తరముల పేర్లు, ఆఁడువారి పుట్టిండ్లతోసహా వ్రాసికొనవలెను. ఆమె మాటను ఆమె మాటగానే, నేఁడందఱి చేతులలో నున్న ఫోనుయందు పట్టియుంచవలెను. సరిదిద్దవలదు. మా మేనత్త ఇప్పుడు లేదు. మేము రెండు దినములు ఆలస్యముగా పోయి ఆమెను అడుగవలసిన రెండు ప్రశ్నలను శాశ్వతముగా పోఁగొట్టుకొంటిమి.

రెండవది. పాతపెట్టెలలోని దస్తావేజులు, మజూరి చీటీలు, సావుకారుల లెక్కలు చెదలకు విడువరాదు. ప్రతులు తీయించి ఒకటి సంఘమున నుంచవలెను. మఱియొకటి కడప బ్రౌను గ్రంథాలయమువంటి చోట నొసఁగవలెను. గండికోట జలాశయమున తాళ్లప్రొద్దుటూరు మొదలగు గ్రామములు ఇటీవలనే నీటమునిఁగినవి. వీధులు పోయినవి. ఆ వీధులలో నుండినవారు పలుచోట్ల నున్నారు. వారినుండి ముందుగా సేకరింపవలెను.

మూఁడవది దాతలకు. కల్యాణమండపములు, విద్యార్థివసతులు కట్టించుచున్నారు. మీ చేతులు చల్లగా నుండుఁగాక. అందులో నొక చిన్నభాగము రిజిస్ట్రేషను నకళ్ల రుసుములకును, ఈ పనిచేయు యువకుల దారిఖర్చులకును కేటాయించినచో పదియేండ్లలో మన జిల్లా నేఁతవారి నిజమైన చరిత్రము తయారగును.

నాలవది సంచికవారికి. ఇఁకమీఁద వంశచరిత్రములు అచ్చువేయునప్పుడు వినినదానిని వినినట్లును, కాగితమున చూచినదానిని చూచినట్లును వేఱువేఱుగా ప్రకటింపవలెను. దీనిని మాతోనే మొదలుపెట్టుఁడు. వెనుకటి సంచికలో మా పెద్దను వస్త్రవర్తకుఁడని వ్రాసినది మా తప్పు. ఆయన నేఁతగాఁడు, ముతకగుడ్డ నేసినవాఁడు, అప్పుచేసి తీర్చినవాఁడు. ఈ సవరణను ఈ సంచికయందే అచ్చువేయవలసినదని కోరుచున్నాము.

మన పిల్లలు నేఁడు దూరదేశములలో పెద్ద యుద్యోగములలో నున్నారు. వారు మీ పూర్వులెవరని యడిగినప్పుడు ఋషిపేరు చెప్పుఁడు, దేవిని స్మరింపుఁడు, వీరులను చెప్పుఁడు. కాని అంతతో ఆపకుఁడు. కరవున తల్లిని దారిలో పోఁగొట్టుకొని, అచ్చును మాత్రము భుజముననుంచుకొని, పెన్నయొడ్డున ప్రొద్దుటూరికి నడచివచ్చి, మరల గుంట త్రవ్వుకొని కూర్చున్నవాఁడొకఁడు కలఁడని చెప్పుఁడు. ఆయనకు పెన్న దాటి వచ్చిన భార్య యొకతె కలదని చెప్పుఁడు.